సముద్రగర్భంలో గాజు గోడలు

మీ అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో ఎర్రని పగడాల దండను మీరు చూసే ఉంటారు. నవరత్నాలలో పగడం ఒకటి. కాని అది వజ్రం వలె భూమిలో దొరికే రాయి కాదు. సముద్రంలో నివసించే చిన్న చిన్న ప్రాణులు తయారు చేసిన పదార్థం.

పగడపు ప్రాణులలో అనేక జాతులున్నాయి. వాటిలో కొన్ని సముద్రంలో దిబ్బలు కడతాయి. అవి ఒకచోట అంటుకొని, నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకొని తమ చుట్టూ గట్టి గూళ్ళు కట్టుకొంటాయి. ప్రాణి చనిపోయినా గూడు మిగులుతుంది. దానిమీద మరొక ప్రాణి చేరి తన గూడు కట్టుకొంటుంది. ఇట్లా వేల సంవత్సరాలు గడిచేసరికి పెద్ద గోడ వంటి దిబ్బ లేస్తుంది. దీనినే పగడపు దిబ్బ అంటారు. మన దేశపు పడమటి సముద్రంలోని లక్షదీవులు పగడపు దిబ్బల మీద ఏర్పడినవే.

“పగడాలు వెచ్చని సముద్రాలలో గదా ఉంటాయి! చలిదేశమైన కెనడాలో వాటి మాట ఎందుకు?” అని మీరడగవచ్చు. చల్లని, చీకటి నీళ్ళలో పెరిగే పగడాలు కూడా ఉన్నాయి. 2003లో నోవా స్కోషియాకు దూరంగా అట్లాంటిక్ మహాసముద్రం అడుగున అటువంటి దిబ్బ ఒకటి కనబడింది. 2021లో పసిఫిక్ వైపున, బ్రిటిష్ కొలంబియాలోని ఫిన్లేసన్ ఛానెల్‌లో మరొకటి దొరికింది. అక్కడ చేపలు గుంపులుగా చేరుతాయని ఆ తీరపు మూలవాసులకు తెలుసు. వారు చెప్పిన సమాచారాన్ని పట్టుకొనే శాస్త్రజ్ఞులు యంత్రాన్ని సముద్రంలోకి దింపి ఆ పగడపు దిబ్బను చూడగలిగారు. 2024లో అక్కడ సముద్రపు అడుగును తాకే వలలు, గాలాలు వేయకూడదని ప్రభుత్వం నిషేధించింది.

ఇంతకంటే వింతైనది మరొకటి ఉంది. 1987లో కెనడా భూగర్భ పరిశోధకులు హెకేట్ జలసంధి అడుగుభాగాన్ని పటం గీస్తున్నారు. హైదా గ్వాయి దీవులకూ, ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సముద్రం అది. అక్కడ వారికి గాజు స్పంజికల దిబ్బలు కనబడ్డాయి. స్పంజిక పగడం కాదు, కాని అది కూడా ప్రాణే. దాని అస్థిపంజరం సిలికాతో తయారవుతుంది. మన కిటికీ అద్దాలలో ఉండేది కూడా సిలికాయే. చనిపోయిన స్పంజికల మీద కొత్త స్పంజికలు పెరిగి ఇవి కూడా దిబ్బలు కడతాయి. ఇటువంటి దిబ్బలు రాక్షసిబల్లుల కాలంలో విస్తారంగా ఉండేవి. వాటి శిలాజాలు ఐరోపాలో దొరుకుతాయి. అవి ఏనాడో నశించిపోయాయని శాస్త్రజ్ఞులు అనుకొన్నారు. అటువంటివి సజీవంగా కనబడేసరికి వారి ఆశ్చర్యానికి అంతులేదు.

ఈ దిబ్బల వయస్సు సుమారు 9,000 సంవత్సరాలు. కొన్నిచోట్ల ఇవి ఎనిమిది అంతస్తుల మేడ అంత ఎత్తున ఉన్నాయి. స్పంజికలు నీటిని వడకట్టి బాక్టీరియాను తింటాయి. చేపలకు, రొయ్యలకు, పీతలకు ఈ దిబ్బలే ఇళ్ళు. కాని ఇవి చాలా పెళుసైనవి. అడుగును ఈడ్చుకొంటూ పోయే వల ఒకటి తగిలితే చాలు, ముక్కలైపోతాయి. వందల ఏళ్ళ పెరుగుదల కొద్ది నిమిషాలలో పోతుంది. అందుకే 2017లో కెనడా ప్రభుత్వం 2,410 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

గీత గీసి “ఇది రక్షిత ప్రాంతం” అంటే వలలు ఆగుతాయి. కాని నీటిలో కలిసే నూనె ఆ గీత దగ్గర ఆగదు. ఇక్కడే ఒక పెద్ద చర్చ మొదలయింది.

ఆల్బర్టా రాష్ట్రంలో ముడిచమురు విస్తారంగా ఉంది. ఆల్బర్టాకు సముద్రం లేదు. చమురును ఆసియా దేశాలకు అమ్మాలంటే దానిని రేవుకు చేర్చాలి. ఎడ్మంటన్ దగ్గరి నుండి కిటిమాట్ రేవు దాకా 1,177 కిలోమీటర్ల పైపులైను వేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. దాని పేరు నార్తర్న్ గేట్‌వే. కిటిమాట్ నుండి పెద్ద పెద్ద ఓడలు ఈ తీరపు ఇరుకు దారులగుండా చమురు మోసుకుపోవాలి.

కావాలన్నవారి వాదం ఇది. చమురు వల్ల వేలమందికి పని దొరుకుతుంది. ప్రభుత్వానికి వచ్చే పన్నులు బడులకు, ఆసుపత్రులకు ఉపయోగపడతాయి. కాల్గరీ, ఎడ్మంటన్ నగరాలలో స్థిరపడిన మన తెలుగువారిలో కూడా ఈ పరిశ్రమ మీద ఆధారపడిన కుటుంబాలున్నాయి. చమురు మనం అమ్మకపోతే మరొక దేశం అమ్ముతుంది గదా అని కూడా వారంటారు.

వద్దన్నవారి వాదం ఇది. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ బండకు కొట్టుకొన్నది. సుమారు 4 కోట్ల లీటర్ల చమురు సముద్రంలో కలిసింది. లక్షలాది పక్షులు చనిపోయాయి. 2016 అక్టోబరులో బెల్లా బెల్లా దగ్గర ఒక టగ్గు పడవ మునిగి లక్ష లీటర్లకు పైగా డీజిలు ఒలికింది. అక్కడి హెయిల్ట్‌సుక్ ప్రజలు తరతరాలుగా ఆల్చిప్పలు ఏరుకొనే చోటు మూతపడింది. చిన్న పడవ వల్లనే ఇంత నష్టం జరిగితే పెద్ద ఓడ మాటేమిటి అని వారడుగుతారు.

2016 నవంబరులో ప్రభుత్వం నార్తర్న్ గేట్‌వేను తిరస్కరించింది. 2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 12,500 టన్నులకు మించి ముడిచమురు మోసే ఓడలు ఉత్తర బ్రిటిష్ కొలంబియా రేవులలో సరుకు ఎక్కించరాదు, దించరాదు. అయితే చర్చ ముగియలేదు. 2025 నవంబరులో కెనడా ప్రభుత్వమూ ఆల్బర్టా ప్రభుత్వమూ పశ్చిమ తీరానికి కొత్త పైపులైను గురించి ఒక ఒప్పందం చేసుకొన్నాయి. అవసరమైతే ఆ చట్టాన్ని సవరించే మాట కూడా అందులో ఉంది. తీరపు మూలవాసులు అనేకులు దానిని వ్యతిరేకించారు.

మూలవాసులందరూ ఒకే పక్షాన ఉన్నారని అనుకోకండి. కిటిమాట్ దగ్గరి హైస్లా ప్రజలు సహజవాయువును ద్రవంగా మార్చి ఎగుమతి చేసే పథకంలో తామే పెద్ద భాగస్వాములయ్యారు. తమ పిల్లలకు సొంత ఊళ్ళోనే జీవనోపాధి ఉండాలని వారి కోరిక. కనుక ఇది మంచివారికీ చెడ్డవారికీ మధ్య తగాదా కాదు. రెండు న్యాయమైన కోరికల మధ్య చర్చ.

చమురు ఒలకకుండా జాగ్రత్తపడితే చాలునా? చాలదు. ఒలకని చమురు కూడా చివరకు ఎక్కడో ఒకచోట మండుతుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. అది గాలిలో చేరి భూమిని, సముద్రాన్ని వేడెక్కిస్తుంది. నీరు వేడెక్కితే వెచ్చని సముద్రాల పగడాలు తమలో నివసించే నాచును పోగొట్టుకొని తెల్లబడతాయి. ఆ నాచే వాటికి ఆహారం తయారు చేసేది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించారు. ఇంత విస్తారంగా జరగడం అది నాలుగోసారి.

మన వల్ల పుట్టే ఈ వాయువులో సుమారు నాలుగోవంతును సముద్రం పీల్చుకొంటుంది. గోళీసోడా తాగితే నాలుక చురుక్కుమంటుంది గదా! నీటిలో కరిగిన ఈ వాయువే దానికి కారణం. సముద్రం సోడా అంత పుల్లగా మారదు. కాని కొద్ది మార్పు వచ్చినా పగడాలకు గూళ్ళు కట్టడం కష్టమవుతుంది. గాజు స్పంజికలకూ ముప్పు ఉంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని వేడి, పులుపు పెరిగిన నీటిలో ఉంచి చూశారు. అవి నీటిని వడకట్టడం తగ్గిపోయింది. వాటి అస్థిపంజరాలు బలహీనపడ్డాయి.

మరి తప్పు ఎవరిది? చలికాలంలో మన ఇంటిని వెచ్చగా ఉంచేది చాలాచోట్ల సహజవాయువే. మనల్ని బడికి తీసుకువచ్చే బస్సు తాగేది చాలావరకు డీజిలే. చమురు ఓడ మనకోసం కూడా నడుస్తున్నది. అందుచేత ఒక్కరోజులో చమురును మానేయడం సాధ్యం కాదు. దానిమీద ఆధారపడటం ఏటేటా తగ్గించుకోవడం మాత్రం సాధ్యమే.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. రేవును మరొకచోట కట్టవచ్చు. పైపులైను దారి మార్చవచ్చు. పని పోయినవారికి కొత్త పని నేర్పవచ్చు. అది కష్టమే, కాని చేయదగినదే. 9,000 ఏళ్ళ గాజు గోడను మాత్రం ఎంత డబ్బు పోసినా ఎవరూ తిరిగి కట్టలేరు. తీరం మీద ఏ కట్టడం తలపెట్టినా “పోతే తిరిగి వచ్చేది ఏది? తిరిగి రానిది ఏది?” అని ముందుగా అడగాలి. రేపు ఈ దేశంలో ఓటు వేసి నిర్ణయాలు చేసేవారు మీరే గదా!

ఆలోచించి చెప్పండి

1. పగడపు దిబ్బకూ, గాజు స్పంజికల దిబ్బకూ పోలికలేమి? తేడాలేమి?
2. రక్షిత ప్రాంతం అని ప్రకటించినంత మాత్రాన దిబ్బలకు పూర్తి రక్షణ ఎందుకు దొరకదు?
3. తరగతిలో రెండు జట్లుగా ఏర్పడండి. ఒక జట్టు పైపులైను కావాలనీ, రెండో జట్టు వద్దనీ వాదించండి. తరువాత జట్లు మార్చుకొని మళ్ళీ వాదించండి.
4. మీ ఇంట్లో ఏయే పనులకు చమురు, సహజవాయువు వాడుతున్నారో పెద్దలనడిగి పట్టిక రాయండి. వాటిలో దేనిని ముందుగా తగ్గించగలరు?