సహిత విద్యలో ఎవరి వంతు ఎంత?

విజయనగరం జిల్లా శృంగవరపుకోట మండలంలో ఒకవైపు పట్టణంలోని ఉన్నత పాఠశాలలు, మరోవైపు దారపర్తి పంచాయతీలోని కొండ మీది గిరిజన గూడేలు ఉన్నాయి. రోగులను డోలీ కట్టి కిందికి మోసుకురావలసిన అలాంటి చోట నడవలేని పిల్లవాడు చదువుకోవాలంటే ఎంతమంది చేతులు కలవాలో ఆలోచిస్తే, ప్రత్యేక అవసరాలు గల పిల్లల బాధ్యతను ఒక్క ఉపాధ్యాయుడి మీద వేసి ఊరుకోవడం ఎందుకు కుదరదో బోధపడుతుంది.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజంతో పాటు నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని, అంటే తెలివితేటలకు లోటు లేకపోయినా చదవడం, రాయడం, లెక్కలు చేయడం మాత్రం విపరీతంగా కష్టమయ్యే స్థితిని కూడా చేర్చింది. కంటికి కనిపించని ఈ ఇబ్బంది ఉన్న పిల్లలకు తరగతిలో చాలాకాలంగా దక్కుతున్న పేరు ‘మొద్దు’. నోటితో చక్కగా జవాబు చెప్పే పిల్ల రాతలో ఎందుకు తడబడుతోందని మొదట అనుమానించగలిగింది రోజూ ఆమె నోటుపుస్తకం దిద్దే తరగతి ఉపాధ్యాయులే.

ఇలాంటి పిల్లలను వేరుచేయకుండా తోటివారితో కలిపి బోధించడాన్ని సహిత విద్య అంటారు. ఇందుకోసం ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో భవిత కేంద్రాలను ఏర్పాటుచేసి, ఐఈఆర్‌టీలుగా పిలిచే ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులను సాధారణంగా మండలానికి ఇద్దరు చొప్పున నియమించారు. ప్రాథమిక స్థాయిలో పదిమంది, ఆపై తరగతుల్లో పదిహేనుమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పిన నిష్పత్తితో పోల్చితే, మండలంలోని బడులన్నీ చూడవలసిన ఆ ఇద్దరి మీద ఎంత భారం పడుతుందో తెలుస్తుంది. భవిత కేంద్రంలో కొన్ని గంటలే గడిపే పిల్లవాడు బడిలో రోజంతా ఉంటాడు కనుక, వినికిడి తక్కువున్న పిల్లవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి పెదవుల కదలిక కనిపించేలా అతని వైపు తిరిగి మాట్లాడడం, బోర్డు మీద రాసినదాన్ని పైకి చదివి వినిపించడం వంటి పనులు తరగతి ఉపాధ్యాయులవే అవుతాయి.

పిల్లవాడికి ఏమి వచ్చు, ఏడాదిలో ఏమి నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్నది రాసుకునే వ్యక్తిగత విద్యా ప్రణాళిక సరిగ్గా ఇక్కడే అక్కరకు వస్తుంది. దాన్ని ఐఈఆర్‌టీ ఒక్కరే నింపి బీరువాలో పెడితే ప్రయోజనం లేదు. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి తరగతిని కింది అంతస్తుకు మార్చడం ప్రధానోపాధ్యాయుల వంతు, ఆటల పీరియడులో అతణ్ణి గట్టు మీద కూర్చోబెట్టకుండా ఆటనే మార్చడం వ్యాయామ ఉపాధ్యాయుల వంతు, మరుగుదొడ్డి దగ్గర గౌరవం చెడకుండా సాయపడడం ఆయా వంతు. ఈ చివరి పనిని చిన్నదిగా చూడడం అన్యాయం. ఆ సాయం లేక ఒక ఆడపిల్ల బడి మానేస్తే ఎంత మంచి పాఠమైనా ఆమెకు అందదు. మస్తిష్క పక్షవాతం, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి ఉన్న కొందరికి మింగడం కష్టం కాబట్టి అన్నం మెత్తగా కలపాలన్న సంగతి మధ్యాహ్న భోజనం వండేవారికీ తెలియాలి. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మాని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తరలించాలన్నది బడిలో ప్రతి ఒక్కరూ నేర్చుకోవలసిన విషయం.

ఈ పనులతో పాటు కాగితాల పనీ ఉంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం, ఉపకరణాలు, ప్రత్యేక అవసరాల బాలికలకు సమగ్ర శిక్ష పథకం కింద నెలకు రూ. 200 చొప్పున పది నెలలు వచ్చే ఉపకార వేతనం, పదో తరగతి పరీక్షలో లేఖకుడి సాయం, అదనపు సమయం వంటివి గడువులోపు కాగితం కదిలితేనే అందుతాయి.

తీవ్రమైన వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. అయితే పిల్లల పేరు ఇంటి దగ్గర చదువుకునేవారి జాబితాలోకి ఎక్కగానే బడికి బాధ్యత తీరిపోయిందనుకునే ప్రమాదం కొండ గూడేల్లో మరీ ఎక్కువ కనుక, ఐఈఆర్‌టీతో పాటు సమీప పాఠశాల ఉపాధ్యాయులు కూడా ఆ ఇంటికి వెళ్లిరావడం అవసరం. బడికి వచ్చే పిల్లల విషయంలోనూ ఒక లోటు ఉంది: ప్రాథమిక పాఠశాల నుంచి ఆరో తరగతికి మారేటప్పుడు చాలామంది వెంట బదిలీ పత్రం మాత్రమే వెళుతుంది. వ్యక్తిగత విద్యా ప్రణాళికను కూడా జతచేసి, పాత తరగతి ఉపాధ్యాయులు కొత్తవారితో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే, ఉన్నత పాఠశాల ఆ బిడ్డను మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవలసిన పని ఉండదు.