ఇంటి పాట - చేతి రూక

పాటపై మక్కువ గల యిండ్లలో నొక వింత కలదు. నిన్నటివఱకు చెవులకు విందు చేసిన స్పీకరే, పొరుగింటివారి క్రొత్తదానిని విని వచ్చిన మఱునాడు గొంతు జీఱవోయినట్లు తోచును. ఇక నాటినుండి యింట మాటలన్నియు క్రొత్త పరికరముమీదనే.

ఈ కోరికను వట్టి డాబని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. దినమంతయు బడిలో గొంతు చించుకొని వచ్చినవారు సాయంకాలమున నొక కీర్తనను స్పష్టముగా వినగోరుట తప్పెట్లగును? మనకు మాత్రము ఆ కోరిక లేదా? అయినను నెలజీతముపై నడచు సంసారమున బియ్యము, మందులు, బిడ్డల చదువు జీతములు ముందు నిలుచును. కావున రూక చేయి దాటకముందే యేది యెంత ఫలమిచ్చునో గృహిణి యెఱిగియుండవలయును.

అంగడిలో మొదట మోసపోవునది మన చెవియే. 1933వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి ప్రకటించిరి. ధ్వని తగ్గినకొలది చెవి మంద్రస్వరములను మఱింత తక్కువగా గ్రహించును. ధ్వని కొంచెము పెంచినంతనే పాటకు పుష్టి కలిగినట్లుండును. రెండు స్పీకర్లలో నొకటి రవంత బిగ్గఱగా మ్రోగినచో అదియే మేలైనదని భ్రమపడుదుము. సోదరీమణులారా! రెండింటిని సమానమైన ధ్వనిలో, మీరెఱిగిన పాటతోనే వినిపింపుమని యడుగుడు. అంగడివాడు మొగము చిట్లించిన చిట్లించుగాక, రూకలు మనవి.

వాట్ల సంగతియు నిట్టిదే. 20 వాట్ల ఆంప్లిఫయరు మాని 40 వాట్లది కొన్నచో ధ్వని రెండింతలగునని పలువురి నమ్మకము. నిజముగా పెరుగునది 3 డెసిబెల్లులు. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు 10 రెట్లు శక్తి కావలయును. చిన్న గదిలో కూర్చుండి వినువారికి అంత శక్తితో పనియేమి? బంగారుపూత తీగెల మాట యెత్తనే యక్కఱలేదు. తగిన లావుగల రాగితీగె చాలును.

గదినిగూర్చి మాత్రము కొంత విరివిగా చెప్పవలయును. మన యిండ్లలో సిమెంటు గోడలు, నున్నని బండల నేల. ధ్వని వానిపై బడి తిరిగివచ్చి, సాహిత్యమును గజిబిజి చేయును. మూలనుంచిన స్పీకరు మంద్రమును ఉబ్బించి మృదంగమును డోలు చేయును. మేము మా స్పీకర్లను అలమరపైనుండి దింపి, కూర్చున్నవారి చెవియెత్తునకు వచ్చునట్లు బల్లలపై నిలిపి, గోడకు మూరెడు దూరము జరిపితిమి. పెండ్లినాటి ఏలూరు తివాసిని పెట్టెలోనుండి తీసి నేల పఱచితిమి. కిటికీలకు దళసరి తెరలు కట్టితిమి. కాసు ఖర్చు లేదు. నాటి సాయంకాలము వీణ మీటు వెనువెంట సాగు సన్నని నాదము కూడ వినవచ్చెను. మావారు నాలుగు నెలలు క్రొత్తదాని మాట యెత్తలేదు. ఐదవ నెలలో నెత్తిరి. అది వేఱు సంగతి.

పాత రికార్డులు గలవారు ముల్లు విషయమున లోభింపరాదు. గ్రామఫోను నాళ్లలో ఉక్కుముల్లును ఒక్కొక్క ప్రక్క ముగియగానే మార్చెడివారు. నేటి వజ్రపు ముల్లు చాలకాలము నిలుచును గాని, అరిగినపిదప రికార్డు గాడిని కోసివేయును. పోయిన రికార్డు మరల రాదు.

ఇంకొక మాట. నడవలోని పరికరమెంత గొప్పదైనను వంటయింటనున్న మనకు చేరునది గోడల మాఱుమ్రోతయే. దానిని మార్చి మఱింత గొప్పదానిని కొన్నను, పొయ్యియొద్ద నిలిచినవారి కేమి యొఱిగెను? ముసలివారి సంగతియు తలపోయుడు. ముదిమిలో తారధ్వనుల వినికిడి ముందుగా తగ్గును. స, శ వంటి యక్షరములు జారిపోవును. మా అత్తగారు పాట వినుచునే "ఏమనుచున్నాడమ్మా?" అని యడుగుచుందురు. దూరముననున్న పెద్ద స్పీకరుకంటె మంచముచెంతనున్న చిన్నదే యట్టివారికి మేలు.

గత సంవత్సరము కూడిన సొమ్ముతో వంటయింటి గూటికొక చిన్న స్పీకరు, అత్తగారి తలగడయొద్దకొక రేడియో కొంటిమి. మావారు మొదట చిన్నబోయిరి. అత్తగారు తెల్లవాఱుజామున భక్తిగీతములకు పెదవి కదుపుట చూచి యూరకుండిరి. వారి పెద్ద స్పీకర్ల నిమిత్తము తపాలా కార్యాలయమున 5 సంవత్సరముల నెలవారీ జమఖాతా తెఱచితిమి. ఇప్పటికి 14 నెలలు కట్టితిమి.