అందరికీ చవక రొట్టె... ఆయనకు అప్పులు!

దేశానికి తిండి చవగ్గా దొరకాలని పోరాడి గెలిచాడు. ఈలోగా సొంత వ్యాపారం మునిగిపోయింది. ఇంగ్లండ్‌లో అద్దకం బట్టల వ్యాపారిగా మొదలై పార్లమెంటును కదిలించిన రిచర్డ్ కాబ్డెన్ కథ అది. ఆ కథలోని వెలుగునీడలన్నీ ఆయన ఉత్తరాల్లో భద్రంగా ఉన్నాయి.

అది 1859 వేసవి. అమెరికా నుంచి వచ్చి లివర్‌పూల్ రేవులో దిగిన రిచర్డ్ కాబ్డెన్ చేతికి ఓ ఉత్తరం అందింది. రాసింది బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్. మంత్రివర్గంలో చేరి వాణిజ్య శాఖ చూడమని ఆహ్వానం!

అప్పటికి కాబ్డెన్ పరిస్థితి ఏమీ బాగాలేదు. అమెరికా రైల్వే షేర్లలో పెట్టిన డబ్బు ఇరుక్కుపోయింది. మంత్రి జీతం వస్తే కొంత ఊపిరి ఆడేది. కానీ ఆయన నేరుగా ప్రధానిని కలిసి పదవి వద్దనేశాడు. ఏళ్ల తరబడి పామర్‌స్టన్ యుద్ధ విధానాన్ని తిట్టిన తాను, ఇప్పుడు ఆయన పక్కన కూర్చుంటే తన మాటకు విలువేముంటుందన్నది కాబ్డెన్ వాదన.

ఆయన కాగితాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోనూ వెస్ట్ ససెక్స్ రికార్డు ఆఫీసులోనూ ఉన్నాయి. ప్రొఫెసర్ ఆంథొనీ హోవ్ సంపాదకత్వంలో ఎంపిక చేసిన ఉత్తరాలు 2007 నుంచి 2015 వరకూ నాలుగు సంపుటాలుగా వెలువడ్డాయి.

బందరు అద్దకానికి పోటీ

కాబ్డెన్ 1804లో ససెక్స్‌లోని ఓ రైతు ఇంట పుట్టాడు. పదకొండు మంది పిల్లలు. తండ్రికి సేద్యం కలిసిరాక పొలం పోయింది. పిల్లాణ్ని దూరాన యార్క్‌షైర్‌లోని ఓ బడిలో పడేశారు. అక్కడ గడిపిన అయిదేళ్లూ నరకమే. పదిహేనో ఏట లండన్‌లో చిన్నాన్న బట్టల గిడ్డంగిలో గుమాస్తాగా చేరాడు. 1828లో ఇద్దరు మిత్రులతో కలిసి సొంత వ్యాపారం, 1831లో లాంకషైర్‌లోని సాబ్డెన్‌లో అద్దకం ఫ్యాక్టరీ... వరసగా అన్నీ కలిసొచ్చాయి.

ఈ అద్దకానికీ మన కోస్తాకూ ఓ బంధం ఉంది. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన పూల అద్దకం బట్టలకు పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ వెర్రెత్తిపోయింది. అక్కడి నేతగాళ్లు గోల చేస్తే 1701, 1721 చట్టాలతో వాటి వాడకానికి అడ్డుకట్ట వేశారు. ఆ గోడ చాటున పెరిగిన పరిశ్రమే తర్వాత యంత్రాలతో ప్రపంచాన్ని ముంచెత్తింది. సుంకాల గోడలు కూల్చాలన్న కాబ్డెన్ సంపాదన వెనక ఉన్నదీ ఆ పరిశ్రమే!

పెళ్లాం పోయిన ఇంట్లో...

1815లో వచ్చిన ధాన్యం చట్టాలు విదేశీ గోధుమల్ని దేశంలోకి రానివ్వలేదు. భూస్వాములకు లాభం, కూలివాడికి రొట్టె ప్రియం. ఆ చట్టాల మీద మాంచెస్టర్‌లో లేచిన ఉద్యమానికి కాబ్డెన్ గుండెకాయ అయ్యాడు. 1840లో వచ్చిన పెన్నీ పోస్టు ఆ ఉద్యమానికి రెక్కలిచ్చింది. దేశంలో ఎక్కడికైనా పెన్నీకే ఉత్తరం. కరపత్రాలు లక్షల్లో ఊరూరికీ చేరాయి.

1841లో మిత్రుడు జాన్ బ్రైట్ భార్య చనిపోయింది. రోచ్‌డేల్ నూలు మిల్లు కుటుంబం వాళ్లది. ఓదార్చడానికి వెళ్లిన కాబ్డెన్, ఆకలితో భార్యలూ పిల్లలూ పోతున్న ఇళ్లు దేశంలో వేలల్లో ఉన్నాయని గుర్తుచేశాడు. దుఃఖం కాస్త తగ్గాక తనతో రమ్మన్నాడు. ఆ చట్టం పోయేదాకా విశ్రమించొద్దన్నాడు. బ్రైట్ వెళ్లాడు. 1846లో చట్టం రద్దయింది.

ఊరు గెలిచింది, ఇల్లు ఓడింది

అదే సమయానికి కాబ్డెన్ ఫ్యాక్టరీ దివాలా అంచుకు వచ్చింది. యజమాని సభల్లో తిరుగుతుంటే వ్యాపారం ఎవరు చూస్తారు? అభిమానులు 75 వేల పౌన్లకు పైగా చందాలు పోగుచేశారు. దాంతో అప్పులు తీర్చి, తాను పుట్టిన డన్‌ఫర్డ్ ఇంటిని కొనుక్కున్నాడు.

అసలు దెబ్బ 1856లో తగిలింది. జర్మనీలో చదువుకుంటున్న పదిహేనేళ్ల కొడుకు విషజ్వరంతో పోయాడు. ఒక్కగానొక్క మగపిల్లాడు. భార్య కేథరిన్ ఏళ్ల తరబడి కోలుకోలేదు. ఊళ్లు తిరిగే మనిషి ఆమెను కనిపెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడాది చైనా యుద్ధాన్ని ఖండించే తీర్మానాన్ని పార్లమెంటులో నెగ్గించుకున్నాడు. ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో హడర్స్‌ఫీల్డ్ ఓటర్లు ఆయన్ను ఓడించారు.

ఇండియా మాటేమిటి?

1853లో ఓ కరపత్రం రాశాడు కాబ్డెన్. వెయ్యి పౌన్లకు మించని నష్టపరిహారం తగాదా బర్మాతో యుద్ధంగా ఎలా మారిందో, అధికారిక పత్రాలతోనే చూపించాడు. ఆ యుద్ధం ఖర్చు ఇండియా ప్రజల నెత్తిన పడిందన్నాడు.

1857 తిరుగుబాటు వేళ రాసిన ఓ ఉత్తరంలో ఇంకా ముందుకెళ్లాడు. ఎక్కడి నుంచో వచ్చి పోయే పరాయివాళ్లు బాగా ఏలినా సరే, ఆ అవమానం కన్నా తమవాళ్లు చెడ్డగా ఏలడమే భారతీయులకు నయమనిపిస్తుందని దాని సారం. ఇంగ్లండ్ ప్రతీకారంతో ఊగిపోతున్న రోజుల్లో ఓ ఇంగ్లిష్ నాయకుడు అలా రాయడం చిన్న విషయం కాదు.

మరి సుంకాల్లేని వ్యాపారం మన నేతగాడికి ఏం మిగిల్చింది? లాంకషైర్ మిల్లు బట్ట వచ్చి మగ్గం మీద పడింది. లండన్ కూలివాడికి రొట్టె చవకైన శతాబ్దంలోనే కోస్తా సాలెల కూడు కరవైంది.

1860లో ఫ్రాన్స్‌తో వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు కాబ్డెన్. ప్రభుత్వం బిరుదు ఇస్తానంటే వద్దన్నాడు. 1865 ఏప్రిల్ 2న లండన్‌లో కన్నుమూశాడు. మర్నాడు సభలో మిత్రుడి గురించి మాట్లాడటానికి బ్రైట్ లేచాడు. నాలుగు మాటలకే గొంతు పూడుకుపోయింది. మిగతాది మరో రోజు చెబుతానంటూ కూర్చుండిపోయాడు.