ఒక్క సినిమా... మూడు ఆల్బమ్‌లు! మీ ఓటు దేనికి?

ఒక సినిమాకి ఒక ఆల్బమ్. ఇది లోకరీతి. మరి సినిమా ఇంకా థియేటర్ మొహం చూడకముందే మూడు ఆల్బమ్‌లు బజారులోకి వదిలితే ఏమనాలి? ధైర్యమనాలా, వ్యాపారమనాలా? 1998లో హాలీవుడ్‌లో డ్రీమ్‌వర్క్స్ వారు చేసిన పని అదే! చిత్రం 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్'. బైబిల్లో నిర్గమకాండంలోని మోషే కథతో తీసిన బొమ్మల చిత్రం. నవంబరులో పాటలొచ్చాయి, డిసెంబరులో సినిమా వచ్చింది.

మొదటిది అసలు సౌండ్‌ట్రాక్. పాటలు స్టీఫెన్ ష్వార్జ్‌వి, నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్‌ది. రెండోది 'నాష్‌విల్', కంట్రీ గాయకులది. మూడోది 'ఇన్‌స్పిరేషనల్', గాస్పెల్, క్రైస్తవ పాప్ గాయకులది. ఈ చివరి రెండింట్లోని పాటలు దాదాపు ఏవీ సినిమాలో వినపడవు. కథ నుంచి స్ఫూర్తి పొంది విడిగా కట్టినవన్నమాట.

వీటిని మా మిత్రబృందానికి వినిపించి ఎవరేమంటారో రాసుకున్నాను. చర్చిలో పాడే కుర్రాడున్నాడు, బైబిలు తెరిచి ఎరుగని ఇళయరాజా భక్తుడున్నాడు, ఏ పాటకైనా కళ్ళు తుడుచుకునే వాళ్ళూ ఉన్నారు. అందరిదీ ఒకే మాట అయితే ఈ వ్యాసమే ఉండేది కాదు!

సినిమాలో లేని పాట మనకెందుకు?

ముందుగా లేచింది ఇళయరాజా భక్తుడే. "సన్నివేశం లేని పాట పెళ్ళికొడుకు లేని పెళ్ళి. సినిమా పేరు చెప్పి సరుకు అమ్ముకోవడం కాకపోతే ఏమిటిది?" అన్నాడు.

చర్చి కుర్రాడు ఊరుకుంటాడా! "మేం ఆదివారం పాడే పాటలకి ఏ సినిమా సన్నివేశం ఉందండీ? కథ అందరికీ తెలుసు. అదే సన్నివేశం" అన్నాడు.

కుర్రాడి మాటకి చరిత్ర బలం ఉంది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారు ఫరో చెరలోని ఇశ్రాయేలీయుల్లో తమనే చూసుకుని మోషే మీద పాటలు కట్టుకున్నారు. బానిసల్ని రహస్యంగా స్వేచ్ఛా రాష్ట్రాలకు దాటించిన హారియట్ టబ్‌మన్‌ని జనం 'మోషే' అనే పిలిచారు. మూడో ఆల్బమ్‌లో కర్క్ ఫ్రాంక్లిన్ 'లెట్ మై పీపుల్ గో' అని ఎత్తుకుంటే దాని వెనక అంత బరువుంది. ఈ సంగతి చెప్పాక మా ఇళయరాజా భక్తుడు ఆ పాట మళ్ళీ పెట్టమన్నాడు. "ఇది ఒప్పుకుంటాను. మిగతావాటికి మాత్రం హామీ ఇవ్వను" అన్నాడు.

ఆ పట్టింపులో న్యాయం లేకపోలేదు. డీసీ టాక్ వారి 'మై డెలివరర్'లో ఊపుంది, విడుదల కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడు. కానీ అదే ఆల్బమ్‌లో కొన్ని పాటల్లో మోషే పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా తేడా తెలియదు.

విట్నీ - మరయా జోడీయా, సినిమా జోడీయా?

అసలు యుద్ధం 'వెన్ యూ బిలీవ్' దగ్గర మొదలైంది. 1999లో ఉత్తమ గీతంగా ఆస్కార్ తెచ్చుకున్న పాట ఇది. సినిమాలో మిర్యాముకు శాలీ డ్వార్స్కీ గొంతిచ్చింది. సిప్పోరాకు నటి మిషెల్ ఫైఫర్ స్వయంగా పాడింది. విడిగా ఆల్బమ్ కోసం విట్నీ హ్యూస్టన్, మరయా కెరీ కలిసి పాడారు. ఇద్దరు మహారాణులు ఒకే మైకు ముందు!

ఓట్లు లెక్కపెడితే మహారాణులే గెలిచారు. "ఆ ఎత్తుకి ఇంకెవరు వెళ్ళగలరు?" అన్నారు ఆడపిల్లలంతా. నా ఓటు మాత్రం సినిమా పాటకే. తరతరాల బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ జనం కదా, గొంతు పెగలక మెల్లగా మొదలెడతారు. తర్వాత పిల్లలు హీబ్రూలో అందుకుంటారు. ఆ మాటలు నిర్గమకాండం 15వ అధ్యాయంలోవే. మహారాణుల పాటలో ఆ వెరపు లేదు. మొదటి నుంచే గెలిచేసినట్టుంటుంది.

నదిలో వదిలిన తల్లి

అందరూ ఏకమైంది ఒక్కచోటే. ఫరో మగపిల్లల్ని చంపిస్తుంటే తల్లి యోకెబెదు బిడ్డను బుట్టలో పెట్టి నైలు నదిలో వదులుతుంది. 'డెలివర్ అస్' పాటలో ఆ తల్లి గొంతు ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హజాది. సినిమా డబ్బింగుల కోసం ఆవిడే ఆ పాటను పదిహేనుకి పైగా భాషల్లో పాడింది. 2000లో 42 ఏళ్ళకే కన్నుమూసింది.

"అరె, ఇది మన కర్ణుడి కథలా ఉందే!" అన్నాడు ఇళయరాజా భక్తుడు. నిజమే. కానీ కుంతి లోకానికి భయపడి వదిలింది, యోకెబెదు బిడ్డ బతకాలని వదిలింది.

మా బృందంలో ఒకమ్మాయి అప్పటిదాకా నోరు మెదపలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆమెను అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌కి పనికెళ్ళింది. నాష్‌విల్ ఆల్బమ్‌లో ఆలిసన్ క్రాస్ పాడిన 'ఐ గివ్ యూ టు హిజ్ హార్ట్' రెండుసార్లు వేయించుకుంది. "ఓఫ్రా పాటలో తల్లి ఏడుస్తోంది. ఇందులో ఏడుపు దాచుకుంటోంది. మా అమ్మ అలాగే వెళ్ళింది" అంది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సినిమాలో ఆ పాట లేదు. ఉండి ఉంటే బాగుండేదేమోనని మా ఇళయరాజా భక్తుడే అన్నాడు!

నా సలహా ఒకటే. మూడూ ఒకే బిగిన వినకండి, విసుగొస్తుంది. ముందు సౌండ్‌ట్రాక్ వినండి. తర్వాత మిగతా రెంటిలో తల్లి ఎక్కడుంది, చెరలో ఉన్న మనిషి ఎక్కడున్నాడు అని వెతుక్కోండి. దొరికిన పాటలు ఉంచుకోండి, దొరకనివి దాటేయండి. నా లెక్కలో నాష్‌విల్‌కి రెండో స్థానం. కాదంటారా? అయితే మీరూ ఒకసారి విని చెప్పండి!