లినక్స్‌లోనే విండోస్ గేమ్‌లు.. జీపీయూ పాస్‌త్రూ అంటే ఏంటి? కార్డ్ కొనేముందు మదర్‌బోర్డ్ సంగతి చూసుకోండి!

లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని, రీస్టార్ట్ కొట్టకుండానే విండోస్ తెరిచి, అందులో భారీ గేమ్ ఆడటం సాధ్యమేనా? సాధ్యమే. అదీ నత్తనడకన కాదు.. విండోస్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసుకుంటే వచ్చే వేగానికి చాలా దగ్గరగా. ఈ పద్ధతి పేరు జీపీయూ పాస్‌త్రూ.

పది నిమిషాల వీడియో చూస్తే ఇదంతా చిటికెలో అయిపోయే పనిలా కనిపిస్తుంది. తీరా వేలకు వేలు పోసి గ్రాఫిక్స్ కార్డ్ కొన్నాక పని ఆగిపోయేది చాలాసార్లు కార్డ్ దగ్గర కాదు.. మదర్‌బోర్డ్ దగ్గర. అసలు ఇది ఎలా పనిచేస్తుంది? ఎవరి సిస్టమ్‌లో అవుతుంది, ఎవరి దాంట్లో మొరాయిస్తుంది? వివరాలు ఇవీ.

బొమ్మ కార్డ్.. అసలు కార్డ్

వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్. బయట ఉన్న అసలు సిస్టమ్‌ను హోస్ట్ అని, లోపల నడిచేదాన్ని గెస్ట్ అని పిలుస్తారు. గెస్ట్‌కు కనిపించే హార్డ్‌డిస్క్ సాధారణంగా హోస్ట్‌లో ఉన్న ఒక పెద్ద ఫైల్ మాత్రమే. గ్రాఫిక్స్ కార్డ్ కూడా అంతే.. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బొమ్మ కార్డ్. వర్డ్ ఫైల్ తెరవడానికో, బ్యాంక్ వెబ్‌సైట్ చూడటానికో అది చాలు. త్రీడీ గేమ్ పెడితే మాత్రం చేతులెత్తేస్తుంది.

ప్రాసెసర్ విషయంలో ఈ ఇబ్బంది ఎప్పుడో తీరిపోయింది. వర్చువల్ మెషిన్ల కోసమే ఇంటెల్, ఏఎండీ తమ ప్రాసెసర్లలో 2005, 2006లలో ప్రత్యేక సౌకర్యం పెట్టాయి. 2007లో లినక్స్ కర్నల్ 2.6.20తో కేవీఎం వచ్చింది. అప్పటి నుంచి గెస్ట్ పని చాలావరకు అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తోంది. మిగిలిపోయింది గ్రాఫిక్స్ కార్డే.

పాస్‌త్రూలో బొమ్మ కార్డ్‌ను నమ్ముకోరు. స్లాట్‌లో బిగించిన అసలు కార్డ్‌నే హోస్ట్ నుంచి విడదీసి గెస్ట్ చేతికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత లినక్స్ దాని జోలికి వెళ్లదు. విండోస్‌లో ఎన్విడియా, ఏఎండీ కంపెనీల మామూలు డ్రైవరే ఇన్‌స్టాల్ అవుతుంది. తాను వర్చువల్ మెషిన్‌లో ఉన్నా, కార్డ్ మాత్రం నిజంగా తనదే అన్నట్టు విండోస్ వాడుకుంటుంది.

పాత డోర్ నంబర్, కొత్త డోర్ నంబర్

వినడానికి తేలికే. చిక్కంతా ర్యామ్ దగ్గర వస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ ప్రతి చిన్నదానికీ ప్రాసెసర్‌ను అడగదు. తానే ర్యామ్‌లోకి వెళ్లి డేటా తీసుకుంటుంది, తానే రాస్తుంది. దీన్ని డీఎంఏ అంటారు.

గెస్ట్‌లో ఉన్న విండోస్ తన ర్యామ్ సున్నా నంబర్ నుంచి మొదలవుతుందని అనుకుంటుంది. నిజానికి ఆ ర్యామ్ హోస్ట్ మెమరీలో ఎక్కడెక్కడో ముక్కలుగా ఉంటుంది. ‘ఫలానా నంబర్ దగ్గర రాయి’ అని విండోస్ చెప్పగానే, కార్డ్ అదే నంబర్ పట్టుకుని అసలు ర్యామ్‌లోకి వెళ్లిపోతే? అక్కడ ఉండేది లినక్స్ కర్నలో, తెరిచి పెట్టుకున్న బ్రౌజరో! ఏం చెడుతుందో చెప్పలేం. సిస్టమ్ మొత్తం కుప్పకూలినా ఆశ్చర్యం లేదు.

ఊళ్లో ఇళ్లకు కొత్త డోర్ నంబర్లు వేశారనుకోండి. పాత నంబర్‌తో వచ్చిన ఉత్తరం పక్కింటికి పోతుంది. రెండు నంబర్లూ తెలిసిన పోస్ట్‌మ్యాన్ ఉంటేనే సరైన గుమ్మం చేరుతుంది. కంప్యూటర్‌లో ఆ పోస్ట్‌మ్యాన్ పేరు ఐఓఎంఎంయూ. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ అయితే ఏఎండీ-వీఐ అంటుంది. గెస్ట్ చెప్పిన నంబర్‌ను అసలు ర్యామ్ నంబర్‌గా మార్చడం దీని పని. గెస్ట్‌కు ఇవ్వని ర్యామ్‌లోకి కార్డ్ వెళ్లబోతే అడ్డుకునేది కూడా ఇదే. లినక్స్ వైపు ఈ వ్యవహారమంతా చూసుకునే భాగం వీఎఫ్‌ఐఓ. 2012లో కర్నల్ 3.6తో ఇది అందుబాటులోకి వచ్చింది.

ఇందులోంచే ఇంకో సమస్య పుడుతుంది. కార్డ్ ఏ క్షణంలో ర్యామ్‌లో ఏ మూల రాస్తుందో హోస్ట్‌కు ముందుగా తెలియదు. అందుకే గెస్ట్‌కు ఇచ్చిన ర్యామ్ మొత్తాన్ని లాక్ చేసి ఉంచాలి. మామూలు వర్చువల్ మెషిన్‌లో అయితే వాడకుండా ఉన్న మెమరీని హోస్ట్ వెనక్కి తీసుకోగలదు. ఇక్కడ అది కుదరదు. 16 జీబీ ఉన్న సిస్టమ్‌లో విండోస్‌కు 8 జీబీ కేటాయిస్తే, అది నడుస్తున్నంతసేపూ లినక్స్‌కు మిగిలేది 8 జీబీయే. గేమ్‌లు, ఎడిటింగ్ కోసమైతే 32 జీబీ ఉంటే గానీ ఊపిరాడదు.

ఒకే మీటర్ మీద నాలుగు పోర్షన్లు

అసలు కథ ఇక్కడే ఉంది. ప్రాసెసర్‌లో ఐఓఎంఎంయూ ఉంది, కార్డ్ ఉంది, ర్యామ్ ఉంది.. అయినా పని కాకపోవచ్చు. కారణం ఐఓఎంఎంయూ గ్రూపులు.

మదర్‌బోర్డ్ మీద ఉన్న పరికరాల్లో కొన్ని ఒకే దారిని పంచుకుంటాయి. అలాంటివి మధ్యలో ఉన్న పోస్ట్‌మ్యాన్ దాకా వెళ్లకుండానే ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే అవకాశం ఉంటుంది. అంటే కాపలా లేని పక్క దారి అన్నమాట. అందుకే లినక్స్ ముందుజాగ్రత్తగా, విడదీయలేని పరికరాలను ఒకే గ్రూపులో కడుతుంది. ఆ గ్రూపులో ఒకదాన్ని గెస్ట్‌కు ఇవ్వాలంటే మిగతావాటిని కూడా హోస్ట్ వదులుకోవాల్సిందే. నాలుగు పోర్షన్లకు ఒకే కరెంట్ మీటర్ ఉంటే ఒక్క పోర్షన్‌కు మాత్రమే ఫ్యూజ్ తీయలేం కదా.. అలాగే.

చాలా బోర్డుల్లో ప్రాసెసర్‌కు నేరుగా కలిసే మొదటి స్లాట్‌కు విడి గ్రూపు దొరుకుతుంది. రెండో స్లాట్ చిప్‌సెట్ మీదుగా వెళ్తే మాత్రం తంటా. చౌక బోర్డుల్లో ఆ స్లాట్‌తో పాటు ల్యాన్ పోర్ట్, యూఎస్‌బీ, హార్డ్‌డిస్క్ కంట్రోలర్ అన్నీ ఒకే గ్రూపులో ఇరుక్కుని కనిపిస్తాయి. లినక్స్ బూట్ అయ్యే డిస్క్ అదే కంట్రోలర్ మీద ఉంటే? దాన్ని గెస్ట్‌కు ఇచ్చేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

ఒకే ప్రాసెసర్, ఒకే కార్డ్.. బోర్డ్ మారితే గ్రూపులు మారిపోతాయి. బయోస్ అప్‌డేట్ చేసినా మారొచ్చు. ఈ సమాచారం మదర్‌బోర్డ్ డబ్బా మీద ఉండదు, ప్రకటనల్లో అంతకన్నా ఉండదు. లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయో మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తారు!

దీనికి అడ్డదారి ఒకటి ఉంది. ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్ పెడితే, పరికరాలన్నీ విడివిడిగా ఉన్నట్టు లినక్స్‌ను నమ్మించొచ్చు. గ్రూపులు విడిపోయినట్టు కనిపిస్తాయి. కానీ బోర్డ్‌లో ఉన్న పక్క దారి ఎక్కడికీ పోదు. అందుకే ఈ ప్యాచ్‌ను అసలు లినక్స్ కర్నల్‌లోకి తీసుకోలేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు మాత్రం సొంతంగా కలిపి ఇస్తున్నాయి. ఇంట్లో ఒక్కరే వాడుకునే గేమింగ్ పీసీలో ఈ రిస్క్ తీసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ముక్కూమొహం తెలియని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి, లేదంటే వేరేవాళ్లకు అద్దెకిచ్చే సర్వర్‌లో మాత్రం దీన్ని వాడటం తలుపు తీసిపెట్టి తాళం జేబులో వేసుకోవడం లాంటిది.

సొంత బోర్డ్ పరిస్థితి తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ముందు బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-డీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం, ఐఓఎంఎంయూ ఆప్షన్లు ఆన్ చేయాలి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి ఏదైనా లైవ్ లినక్స్ బూట్ చేయొచ్చు. ఇంటెల్ సిస్టమ్‌లలో బూట్ సమయంలో కర్నల్‌కు ఐఓఎంఎంయూ ఆన్ చేయమని విడిగా చెప్పాల్సి రావొచ్చు. ఆ తర్వాత సిస్ ఫోల్డర్‌లో కర్నల్ కింద ఉండే ఐఓఎంఎంయూ గ్రూప్స్ ఫోల్డర్ తెరిస్తే ఏది ఏ గ్రూపులో ఉందో కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటే ఐఓఎంఎంయూ పనిచేయడం లేదని అర్థం. కొత్త బోర్డ్ కొనేవాళ్లైతే, అదే మోడల్ వాడుతున్నవారు పెట్టిన గ్రూపుల లిస్ట్ వెతికి చూసుకోవడం మంచిది.

కార్డ్ ఒక్కటే కాదు, సౌండ్ కూడా

గ్రాఫిక్స్ కార్డ్ చూడటానికి ఒకటే పరికరం. లినక్స్‌కు కనీసం రెండుగా కనిపిస్తుంది.. బొమ్మ కోసం ఒకటి, హెచ్‌డీఎంఐ సౌండ్ కోసం ఒకటి. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లో కొన్నింటికి యూఎస్‌బీ-సీ కంట్రోలర్ కూడా ఉంటుంది. ఇవన్నీ కలిపే గెస్ట్‌కు ఇవ్వాలి. ప్రతి పరికరానికీ తయారీ కంపెనీని చెప్పే ఒక కోడ్ ఉంటుంది. ఇంటెల్ కోడ్ 8086. అవును, 1978లో ఆ కంపెనీకి పేరు తెచ్చిన ప్రాసెసర్ నంబరే! ఈ కోడ్‌లను వీఎఫ్‌ఐఓకు ముందే ఇచ్చేస్తే, బూట్ అవుతున్నప్పుడే అది కార్డ్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. లినక్స్ డ్రైవర్ ముందుగా కార్డ్‌ను పట్టుకుంటే వదిలించడం మహా విసుగు పని.

కార్డ్ గెస్ట్‌కు పోయాక లినక్స్‌కు బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ నుంచి. కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉండదు. కాస్త తక్కువ ధరకు వస్తుందని అదే తీసుకుంటే రెండో కార్డ్ కొనాల్సిందే. ఉన్న ఒక్క కార్డ్‌నే గెస్ట్‌కు ఇచ్చే పద్ధతి కూడా ఉంది కానీ, విండోస్ నడుస్తున్నంతసేపూ లినక్స్ స్క్రీన్ కనిపించదు. అలాంటప్పుడు డ్యూయల్ బూట్‌తో పోలిస్తే లాభం సగమే.

మానిటర్ కేబుల్‌ను గెస్ట్‌కు ఇచ్చిన కార్డ్‌కు పెడితే విండోస్ అందులో కనిపిస్తుంది. కేబుల్ మార్చడం ఇష్టం లేనివారికి లుకింగ్ గ్లాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్ గీసిన ప్రతి ఫ్రేమ్‌ను ఉమ్మడి మెమరీ ద్వారా లినక్స్‌లోని ఒక విండోలో చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఆశ తక్కువే పెట్టుకోవాలి. చాలా మోడళ్లలో స్క్రీన్ వైరింగ్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కే ఉంటుంది.

కోడ్ 43.. ఏళ్ల తరబడి వేధించిన ఎర్రర్

ఎన్విడియా జీఫోర్స్ కార్డులతో ఈ ప్రయత్నం చేసినవారికి కోడ్ 43 అంటే ఒళ్లు మండుతుంది. అంతా సరిగ్గా పెట్టినా, వర్చువల్ మెషిన్‌లో ఉన్నానని డ్రైవర్ కనిపెట్టగానే కార్డ్ పనిచేయడం మానేసేది. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 ఎర్రర్ కనిపించేది. హార్డ్‌వేర్‌లో లోపం ఏమీ లేదు. వర్చువల్ మెషిన్లలో వాడకానికి ఆ కంపెనీ అమ్మేది క్వాడ్రో, టెస్లా లాంటి ఖరీదైన ప్రొఫెషనల్ కార్డులు. దాంతో యూజర్లు కేవీఎం ఆనవాళ్లు గెస్ట్‌కు కనిపించకుండా దాచి పని కానిచ్చేవారు. కొన్నేళ్లు ఈ దొంగాపోలీస్ ఆట సాగింది.

2021 మార్చి చివర్లో వచ్చిన 465.89 డ్రైవర్‌తో ఎన్విడియా దిగొచ్చింది. విండోస్ గెస్ట్‌లో జీఫోర్స్ పాస్‌త్రూకు బీటా సపోర్ట్ ఇచ్చింది. అయితే ఒక కార్డ్ ఒక్క గెస్ట్‌కే. ఒకే కార్డ్‌ను నలుగురికి పంచే వీజీపీయూ సౌకర్యం ప్రొఫెషనల్ కార్డులకే పరిమితం. పాత గైడ్లు చదివి ఇప్పటికీ కేవీఎంను దాచే సెట్టింగులు పెడుతున్నవారు ఉన్నారు. కొత్త డ్రైవర్లకు అది అక్కర్లేదు.

ఏఎండీ కార్డులకు ఇలాంటి అడ్డు లేదు కానీ వాటి బాధ వాటిది. పోలారిస్, వేగా, తొలి నావీ కార్డుల్లో కొన్ని గెస్ట్ షట్‌డౌన్ అయ్యాక మళ్లీ మొదటి స్థితికి రావు. రెండోసారి విండోస్ ఆన్ చేస్తే నల్ల స్క్రీనే. హోస్ట్ మొత్తాన్ని రీస్టార్ట్ చేయాలి. అంటే ఏ రీస్టార్ట్ తప్పించుకోవడానికి ఇదంతా చేశారో, అదే మళ్లీ ఎదురవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఏఎండీ కార్డ్ తీసుకునేముందు ఆ మోడల్‌కు రీసెట్ సమస్య ఉందో లేదో వెతకడం తప్పనిసరి. వెండర్-రీసెట్ అనే కర్నల్ మాడ్యూల్ కొన్ని మోడళ్లకు పనిచేస్తుంది, అన్నింటికీ కాదు.

క్లౌడ్‌లో నడుస్తున్నదీ ఇదే

ఇది ఇళ్లలో గేమర్ల సరదా మాత్రమే కాదు. 2010 నవంబర్‌లోనే అమెజాన్ తన క్లౌడ్‌లో రెండేసి ఎన్విడియా టెస్లా ఎం2050 కార్డులున్న వర్చువల్ మెషిన్లను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఏఐ పనుల కోసం గంటల లెక్కన జీపీయూ అద్దెకు తీసుకునేవారిలో చాలామంది వాడుతున్నది ఇలా గెస్ట్‌కు అప్పగించిన కార్డ్‌నే. తేడా ఏంటంటే, అక్కడ బోర్డులు ఈ పనికే ఎంపిక చేసినవి. గ్రూపుల గొడవ ఇంట్లో వాడే బోర్డులదే.

ఎవరికి పనికిరాదు?

ఆన్‌లైన్ పోటీ గేమ్‌లు మాత్రమే ఆడేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. వాలరంట్‌లో ఉండే వాన్‌గార్డ్ లాంటి యాంటీ-చీట్ వ్యవస్థలు వర్చువల్ మెషిన్‌ను ఒప్పుకోవు. మభ్యపెట్టాలని చూస్తే అకౌంట్ పోయే ప్రమాదం కూడా ఉంది. వర్చువల్‌బాక్స్‌లో చేద్దామనుకునేవారికీ నిరాశే. లినక్స్ హోస్ట్‌లపై ప్రయోగాత్మకంగా ఉన్న ఈ సౌకర్యాన్ని 6.1 వెర్షన్‌లో తీసేశారు. కేవీఎం లేదా దాని మీదే నడిచే ప్రాక్స్‌మాక్స్ వాడుకోవాలి.

మొదలుపెట్టేవారికి ఒక చిన్న సలహా. సెట్టింగుల్లో ఒక్క తప్పు జరిగినా స్క్రీన్ నల్లబడిపోవచ్చు. లినక్స్ లోపల నడుస్తూనే ఉంటుంది, కనిపించదంతే. అందుకే ముందుగానే ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేసి, ఫోన్‌లో ఒక ఎస్‌ఎస్‌హెచ్ యాప్ పెట్టుకుని, అదే వైఫై నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ అవుతోందో లేదో చూసుకోండి. స్క్రీన్ పోయినా ఫోన్ నుంచే మార్చిన సెట్టింగ్ వెనక్కి తీసి రీస్టార్ట్ చేయొచ్చు.