ఓట్స్ గిన్నె... గుండెకు ఎంత మేలు?

నెల్లూరు పేరు చెబితే బియ్యమే గుర్తొస్తాయి. మొలగొలుకులు నిన్నటి తరం మాట, నెల్లూరు మసూరి నేటి మాట. పొద్దున్నే నెయ్యి కారం దోసె, మధ్యాహ్నం వేడన్నంలో మామిడికాయ వేసిన చేపల పులుసు... ఇక వేరే సంగతి ఎందుకు అనిపించే సీమ ఇది. అలాంటిచోట, మైపాడు దారిలోని చిన్న చిల్లర కొట్టులోనూ ఇప్పుడు ఓట్స్ ప్యాకెట్ దొరుకుతోంది. ఈ నేల మీద పండని ధాన్యమది. చలిదేశాల పంట. మన ఉత్తరాదిన వేసినా ఎక్కువగా పశువుల మేతకే!

ఇంట్లో పెద్దాయనకు స్టెంటు వేశారంటే చాలు, మర్నాటి నుంచే టిఫిను మారిపోతుంది.

‘ఇదేందమ్మా, గంజి మాదిరి ఉండాది?’

‘గుండెకు మంచిదంట మామా, తినండి.’

చాలా ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. మంచిదే... సరే. మరి ఎంత తింటే? ఏ మేరకు?

జిగురులోనే మహిమ

ఉడికిన ఓట్స్ కాస్త చల్లారితే గరిటెకు జిగురుగా అంటుకుంటుంది. పెద్దాయనకు నచ్చనిది అదే. ఆయన గుండెకు కావలసిందీ అదే! ఆ జిగురు పేరు బీటా గ్లూకాన్. నీళ్లలో కరిగే ఒక రకం పీచు. కొవ్వును అరిగించడానికి కాలేయం పైత్యరసాన్ని పేగుల్లోకి వదులుతుంది. పని అయ్యాక అందులో చాలాభాగం తిరిగి కాలేయానికే చేరుతుంది. ఈ జిగురు దానిలో కొంత భాగాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. కొరత పడిన కాలేయం కొత్త పైత్యరసం తయారుచేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. అలా చెడ్డ కొలెస్ట్రాల్... అదే ఎల్‌డీఎల్ తగ్గుతుంది.

1963లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ సంగతి పసిగట్టారు. ఓట్స్ కలిపిన రొట్టె మూడు వారాలు పెడితే 21 మంది మగవాళ్లలో కొలెస్ట్రాల్ సగటున 11 శాతం తగ్గింది. వాళ్లు రోజుకు తిన్న ఓట్స్ ఎంతో తెలుసా... 140 గ్రాములు! ఎనభైల్లో అమెరికా జనానికి ఓట్స్ తవుడు పిచ్చి పట్టుకుంది. 1990లో మరో అధ్యయనం వచ్చి, పీచు తక్కువున్న గోధుమ తిన్నా అంతే తగ్గిందంటూ నీళ్లు చల్లింది. తర్వాత ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూశాక లెక్క తేలింది. 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఓట్స్ ప్యాకెట్ మీద గుండె మాట రాసుకోవడానికి అనుమతిచ్చింది. ఒక షరతు... రోజుకు కనీసం 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందాలి.

మూడు గ్రాములంటే దాదాపు 75 గ్రాముల పొడి ఓట్స్. కిలో ప్యాకెట్ ఒక్క మనిషికి రెండు వారాలైనా రాదు. మనవాళ్లేమో రెండు చెంచాలు పాలల్లో చల్లుకుని ‘ఓట్స్ తింటున్నాం’ అంటారు. అందులో ఒక గ్రాము కూడా ఉండదు. లెక్క ప్రకారం రోజూ తిన్నా తగ్గేది ఎల్‌డీఎల్‌లో 5 నుంచి 7 శాతం. డాక్టరు రాసే స్టాటిన్ మాత్ర తగ్గించేది 30 నుంచి 50 శాతం. కాబట్టి ఓట్స్ మొదలెట్టామని మాత్ర మానేస్తే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. స్టెంటు పడినవాళ్ల విషయంలో మరీనూ.

ఇక మసాలా ఓట్స్! రుచిగానే ఉంటాయి. కొనేముందు ప్యాకెట్ వెనక సోడియం అంకె ఒకసారి చూడండి. బీపీ ఉన్నవాళ్లు రెండుసార్లు చూడండి.

అన్నం తగ్గిందా?

అసలు చిక్కు ఇక్కడుంది. మనవాళ్ల రక్తపరీక్షల్లో తరచూ కనిపించేది ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. వీటి మీద ఓట్స్ ప్రభావం అంతంతమాత్రమే. ట్రైగ్లిజరైడ్లను పెంచేవాటిలో పాలిష్ పట్టిన బియ్యానిదీ పెద్ద వాటానే. 2020లో వెలువడిన 21 దేశాల అధ్యయనం ఒకటి ఆలోచింపజేస్తుంది. రోజుకు 450 గ్రాములకు పైగా తెల్లన్నం తినేవాళ్లకు మధుమేహం ముప్పు ఎక్కువని, దక్షిణాసియాలో అది మరీ ఎక్కువని తేలింది. 450 గ్రాముల అన్నమంటే పులుసు బాగా కుదిరిన రోజు ఒక్క పూటకే చెల్లిపోతుంది. పొద్దున ఓట్స్ తాగి, మధ్యాహ్నం ఎప్పటిలాగే మూడుసార్లు వడ్డించుకుంటే లాభమేముంది? పళ్లెంలోంచి ఏది పోయిందన్నది కూడా చూడాలి. చేపల్ని మాత్రం పొమ్మనకండి. కవళ్లు, కానాగంతల్లో గుండెకు పనికొచ్చే కొవ్వులున్నాయి. పులుసు మీద తేలే నూనె సంగతే కాస్త చూసుకోండి.

ఓట్స్ నోటికి ఎక్కకపోతే బార్లీ ఉంది. అందులోనూ ఇదే జిగురు. అమెరికా సంస్థ 2005లో బార్లీకీ అదే గుర్తింపునిచ్చింది. మనం చేసే పని ఏమిటంటే, చలువ చేస్తుందని బార్లీ కాచి, నీళ్లు తాగి, గింజలు పారేయడం! రాత్రి నానబెట్టి కుక్కర్లో ఉడికించి, ఆ గింజలను సగం అన్నం బదులు పులుసులో కలుపుకోవచ్చు. రాగుల సంగతి వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. అయితే రాగుల్లో ఎక్కువగా ఉండేది కరగని పీచు. మలబద్ధకానికి సంగటి భేషుగ్గా పనిచేస్తుంది. కొలెస్ట్రాల్‌కు మాత్రం బార్లీ, ఓట్స్‌దే పైచేయి.

పేగుల విషయంలో ఇంకో మాట. చిన్నపేగులో అరగని బీటా గ్లూకాన్‌ను పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్నచిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పేగు గోడల కణాలకు అదే మేత. అయితే ఆ పులియడంలో గ్యాసూ పుడుతుంది. ఏనాడూ పీచు ఎరగని పొట్టలోకి ఒక్కసారిగా 75 గ్రాములు దింపితే ఉబ్బరంతో ‘ఈ ఓట్స్ నాకు పడవు’ అనేస్తారు. మొదటి వారం మూడు చెంచాలు, తర్వాత మెల్లగా పెంచండి. నీళ్లు బాగా తాగండి. గుండె వైఫల్యమో, కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పాలు, పంచదార వేసుకోనక్కర్లేదు. అంబలిలా మజ్జిగ పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే మన నోటికి బాగానే దిగుతుంది.

ఫలితం ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. మొదలెట్టే ముందు ఒకసారి, ఆరు వారాలయ్యాక ఒకసారి లిపిడ్ పరీక్ష చేయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎల్‌డీఎల్ గడి చూసుకోవడమే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండూ పట్టుకెళ్లండి.