ఒక గొట్టం, నాలుగు కొలువులు

ఏప్రిల్ వచ్చిందంటే చాట్రాయి చుట్టుపక్కల తోటల బాటలకు తీరిక ఉండదు. బంగినపల్లి, చిన్న రసాలు నూజివీడు మీదుగా విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్ దారి పడతాయి. కాయ లోడు లారీల్లో, వ్యాన్లలో వెళ్తుంది. తోట చూసుకునే రైతూ, బేరానికొచ్చిన వ్యాపారీ తిరిగేది మాత్రం ఎక్కువగా చిన్న కారులోనే. తారు అంచు విరిగినచోట దిగాలి, మట్టి బాట పట్టాలి, గట్టు ఎక్కి దిగాలి. సీజను సగమయ్యేసరికి ముందు చక్రాల దగ్గర ఏదో ఒక మోత మొదలవుతుంది. విన్నవాళ్లంతా ‘షాకులు పోయాయి’ అనేస్తారు. ప్రతిసారీ పోయేది షాకులే కాదు. ఆ సంగతి అర్థం కావాలంటే చక్రం వెనకున్న యంత్రం కథ తెలియాలి.

ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో చవకగా ఓ చిన్న కారు తయారుచేసే పనిని జనరల్ మోటార్స్ ఆయనకు అప్పగించింది. కారు పేరు షెవర్లే కేడెట్. అప్పటి కార్లలో ముందు చక్రాన్ని సాధారణంగా పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకునేవి. స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. మెక్‌ఫర్సన్ పై ఆర్మ్‌ను తీసేశాడు. నిలువుగా ఒక గొట్టం పెట్టి, దాని లోపల షాక్ అబ్జార్బర్‌ను, చుట్టూ స్ప్రింగును అమర్చాడు. పై కొసను బాడీకి, కింది కొసను చక్రం పట్టుకునే భాగానికి బిగించాడు. ఇలాంటి ఆలోచన 1920లలోనే ఫియట్ ఇంజనీరు గ్విడో ఫోర్నాకాకు తట్టింది. అయితే దాన్ని లక్షల కార్లకు పనికొచ్చేలా మలిచింది మెక్‌ఫర్సనే.

1947లో కేడెట్‌ను కంపెనీ పక్కన పెట్టేసింది. మెక్‌ఫర్సన్ ఫోర్డ్‌లో చేరాడు. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ చూపించిన కాన్సుల్, జెఫిర్ కార్లు ఆయన గొట్టం, అంటే మెక్‌ఫర్సన్ స్ట్రట్ మీదే నిలబడ్డాయి. మన అంబాసిడర్ ముందు చక్రాలను మాత్రం మెలిపడే ఉక్కు కడ్డీలు మోసేవి. స్ట్రట్‌ను మన మధ్యతరగతి ఇళ్ల ముందుకు తెచ్చింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. ఇప్పుడు చిన్న కార్లలో అత్యధికం దీనిమీదే నడుస్తున్నాయి.

ఒకే గొట్టానికి నాలుగు కొలువులు: బండి బరువును మోయాలి, ఊపును అణచాలి, చక్రాన్ని నిటారుగా పట్టుకోవాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు తానూ తిరగాలి. ఖర్చు, చోటు మిగిలాయి. చిక్కేమిటంటే, దాని చుట్టూ ఉన్న ఏ భాగం లూజైనా మోత ఒకేచోట నుంచి వచ్చినట్టుంటుంది. అందుకే మోత ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడొస్తోందన్నది ముఖ్యం.

గతుకుల్లో నెమ్మదిగా వెళ్తుంటే టకటకమంటోందా? ముందు లింక్ రాడ్‌ను అనుమానించాలి. రెండు చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్ కొసల్ని ఇప్పటి చాలా కార్లలో పట్టుకునేది ఇదే. స్పీడ్ బ్రేకరును తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, బార్ మెలిపడదు, మోత తగ్గుతుంది. ఒక్క చక్రమే గుంటలో పడితే బార్ మెలిపడి లింకును లాగుతుంది, మోత పెరుగుతుంది. అదే గతుకుల మీద బ్రేకును తేలిగ్గా నొక్కినప్పుడు శబ్దం ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లను చూడాలి.

బండి నిలిపి స్టీరింగ్ తిప్పుతుంటే ‘టంగ్’మని స్ప్రింగు ఎగిరినట్టుందా? స్ట్రట్ పైన ఉండే మౌంట్, దాని బేరింగు బిగుసుకుంటున్నాయి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మరొకరు స్ట్రట్ పై కొస మీద చెయ్యి పెడితే ఆ కుదుపు అరచేతికే తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడో, రివర్సులోనో దబ్బుమంటే లోయర్ ఆర్మ్ బుష్‌ను చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్సలరేటర్ ఇచ్చినప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింట్‌ను, వేగంతో పాటు పెరిగే రొద అయితే చక్రం బేరింగును చూడాలి.

తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి చక్రాన్ని చేతులతో ఊపాలి. కుడి ఎడమలుగా పట్టి ఊపినప్పుడు లూజుంటే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ గానీ రాక్ ఎండ్ గానీ కావచ్చు. పైనా కిందా పట్టి ఊపితే కదులుతోందా? ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. కదలిక ఆగితే తప్పు బేరింగుది, ఆగకపోతే బాల్ జాయింటుది.

ఈ బాల్ జాయింట్ మన తుంటి కీలు లాంటిది. గిన్నెలో గుండు, మధ్యలో గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తోట బాటలో కంపో రాయో గీరి తొడుగు చిరిగితే వేసవిలో దుమ్ము, తొలకరిలో నీళ్లు లోపలికి చేరతాయి. గ్రీజు పోయి గుండు అరుగుతుంది. టైరు విప్పిన ప్రతిసారీ ఈ తొడుగులను వేలితో తడిమి చూసుకోవాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే ‘షాకులు మార్చు’ అనకండి. ఎంత వేగంలో, ఏ పక్క తిప్పితే, బ్రేకు వేసినప్పుడా వెయ్యనప్పుడా అన్నది చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ గతుకుల మీదే నడిపి చూపించండి. టై రాడ్ ఎండ్ మారిస్తే అలైన్‌మెంట్ తప్పక చేయించండి. లింక్ రాడ్ మోతైతే మరమ్మతు నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. బాల్ జాయింట్‌లోనో, టై రాడ్ ఎండ్‌లోనో లూజు తేలితే మాత్రం కాయ దిగాక చూద్దామనుకోవద్దు. అవి ఊడితే ఆ చక్రం డ్రైవరు మాట వినదు.